శాతపు కమ్మీ చిత్రం

శాతపు కమ్మీ చిత్రం అనేది ఒక మొత్తంలోని భాగాలను శాతాలుగా మార్చి, ఒకే కమ్మీలో ఒకదాని వెంట ఒకటిగా పేర్చి చూపే గణాంక చిత్రం. ఇందులో ప్రతి కమ్మీ పొడవూ 100 శాతమే. ఆంగ్లంలోని పేరును బట్టి దీనిని "నూరు శాతం స్టాక్డ్ బార్ చార్ట్" అని కూడా వ్యవహరిస్తారు. వెబ్ పేజీలలో దీనిని గీయడానికి చార్ట్.జేఎస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీకి తోడుగా స్టాక్డ్100 అనే ప్లగిన్ లభిస్తుంది. ఆ ప్లగిన్ పనిచేసే తీరు, దానితో గీసిన చిత్రాన్ని చదివేటప్పుడు కలిగే పొరపాట్లు ఈ వ్యాసంలో వివరించబడినవి. ఉదాహరణకు కృష్ణా తీరాన ఉన్న కొల్లూరు మండలపు పరిస్థితులు తీసుకోబడినవి.

నిర్మాణం

సాధారణ కమ్మీ చిత్రంలో కమ్మీ పొడవు ఒక రాశి విలువను తెలుపుతుంది. ఆ కమ్మీనే ఖండాలుగా విభజించి, ఒక్కో ఖండానికి ఒక్కో రంగు వేస్తే అది ఉపవిభాజిత కమ్మీ చిత్రం అవుతుంది. ఇందులో మొత్తమూ కనిపిస్తుంది, భాగాలూ కనిపిస్తాయి. శాతపు కమ్మీ చిత్రం దీని తరువాతి మెట్టు. ఒక్కో ఖండపు విలువను ఆ కమ్మీ మొత్తంతో భాగించి 100 తో గుణిస్తారు. ఫలితంగా చిన్న కమ్మీలు, పెద్ద కమ్మీలు అన్నీ సమానమైన పొడవుకు వస్తాయి. భాగాల నిష్పత్తి మాత్రమే మిగులుతుంది, మొత్తం కనిపించకుండా పోతుంది. భిన్నాల భాషలో చెప్పాలంటే లవం హారాల ఫలితం చిత్రంలో ఉంటుంది గాని హారం ఉండదు. ఈ చిత్రపు ప్రయోజనమూ ప్రమాదమూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

వృత్తరేఖాచిత్రం కూడా ఇదే పని చేస్తుంది. అయితే పది గ్రామాలను పోల్చాలంటే పది వృత్తాలు గీయాలి. వాటిలోని కోణాలను కంటితో పోల్చడం కష్టం. పది కమ్మీలను ఒకదాని కింద ఒకటి పేరిస్తే ఆ పోలిక సులభం అవుతుంది.

చరిత్ర

స్కాట్లాండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో ప్రచురించిన "కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్" గ్రంథంలో కమ్మీ చిత్రాన్ని వాడాడు. 1801లో వెలువరించిన "స్టాటిస్టికల్ బ్రెవియరీ"లో వృత్తరేఖాచిత్రాన్ని పరిచయం చేశాడు. ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ జోసెఫ్ మినార్ 1844లో రవాణా లెక్కల కోసం గీసిన పటంలో కమ్మీల వెడల్పు దూరాన్ని బట్టి మారుతుంది. అంటే నిష్పత్తులను చూపుతూనే అతడు మొత్తాన్ని పోగొట్టుకోలేదు. నేటి ప్లగిన్లు ఈ వెడల్పు సంగతిని పట్టించుకోవు.

వెబ్ పేజీలలో బొమ్మలు గీసే లైబ్రరీలు 2000ల చివరినుండి విరివిగా వచ్చాయి. ఫ్లాట్ 2007లో, హైచార్ట్స్ 2009లో, డీ3 2011లో, చార్ట్.జేఎస్ 2013లో వెలువడ్డాయి. వీటిలో హైచార్ట్స్‌లో శాతపు పేర్పు లైబ్రరీలోనే ఉన్నది. డీ3లో దానికి తగిన గణన సూత్రం ఉన్నది. చార్ట్.జేఎస్‌లో ఖండాలను పేర్చే సదుపాయం ఉన్నది గాని, వాటిని శాతాలుగా మార్చే సదుపాయం లేదు. ఆ లోటును పూరించేదే స్టాక్డ్100.

ప్లగిన్ పనిచేసే విధానం

చార్ట్.జేఎస్‌కు సమాచారాన్ని రెండు భాగాలుగా ఇవ్వాలి. మొదటిది కమ్మీల పేర్ల జాబితా, ఉదాహరణకు గ్రామాల పేర్లు. రెండవది శ్రేణులు. ఒక్కో శ్రేణి ఒక్కో రంగు ఖండానికి సంబంధించినది. అందులో కమ్మీల వరుసలోనే విలువలు ఉండాలి. కొత్తగా నేర్చుకొనేవారు తరచు ఇక్కడే పొరబడతారు. మనం కాగితం మీద పట్టికను ఊరి వారీగా, అడ్డువరుసలలో రాసుకుంటాం. లైబ్రరీకి నిలువువరుసలు కావాలి. పట్టికను తిప్పకుండా అలాగే ఇస్తే, ఊళ్ళు రంగులుగానూ పంటలు కమ్మీలుగానూ మారిపోతాయి. పొరపాటు జరిగినట్లు హెచ్చరిక ఏదీ రాదు, చిత్రం చక్కగానే వస్తుంది.

ప్లగిన్‌ను పేజీలోకి చేర్చిన తరువాత లైబ్రరీ వద్ద నమోదు చేయాలి. అటుపైన చిత్రపు ఐచ్ఛికాలలో స్టాక్డ్100 అనే పేరు కింద "ఎనేబుల్" అన్న గుర్తును అవునని పెట్టాలి. నమోదు చేసి ఈ గుర్తు పెట్టకపోతే ప్లగిన్ ఏమీ చేయదు. గుర్తు పెట్టిన చిత్రంలో అక్షాలను పేర్పు పద్ధతికి మార్చడం, స్కేలును 0 నుండి 100కు పరిమితం చేయడం, ప్రతి విలువను శాతంగా లెక్కించడం అన్నీ అదే చూసుకుంటుంది. మనం శాతాలు ముందుగా లెక్కగట్టి ఇవ్వనవసరం లేదు, ఇవ్వకపోవడమే మంచిది. ఎందుకంటే అసలు విలువలను, లెక్కించిన శాతాలను ప్లగిన్ విడివిడిగా దాచి ఉంచుతుంది. ఖండం మీద మౌసు ఉంచినప్పుడు కనిపించే చిన్న పెట్టెలో శాతంతో పాటు అసలు విలువ కూడా చూపుతుంది. శాతాలనే ఇస్తే ఈ రెండవ అంకె అర్థం కోల్పోతుంది.

చార్ట్.జేఎస్ 2వ వెర్షనుకు ఒక రకం, 3, 4 వెర్షన్లకు మరొక రకం ప్లగిన్ వెర్షన్లు ఉన్నాయి. పాత పాఠాలలోని ఉదాహరణలు కొత్త లైబ్రరీతో పనిచేయకపోవడానికి సాధారణంగా ఇదే కారణం.

కొల్లూరు ఉదాహరణ

కొల్లూరు బాపట్ల జిల్లాలోని ఒక మండల కేంద్రం. తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాల నడుమ, కృష్ణానది కుడి గట్టున ఉన్న డెల్టా ప్రాంతమిది. మండలంలో కరకట్టకు ఇవతల మాగాణి గ్రామాలు, కరకట్టకు నదికి మధ్య లంకలు ఉన్నాయి. మాగాణిలో వరి, లంకలలో అరటి, పసుపు, కంద వంటివి పండిస్తారు. ప్రకాశం బ్యారేజి నుండి నీరు భారీగా విడుదలైనప్పుడు ముందుగా మునిగేవి లంకలే. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను బ్యారేజి వద్ద వరద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది.

వరద తరువాత పంట నష్టాన్ని గ్రామాల వారీగా చూపాలంటే శాతపు కమ్మీ చిత్రమే ముందుగా గుర్తుకు వస్తుంది. దీనిని పరిశీలించడానికి రెండు ఊళ్ళను ఊహించుకుందాం. కింది అంకెలు లెక్క కోసం కల్పించినవి మాత్రమే. ఒక లంక గ్రామంలో సాగైన భూమి 200 ఎకరాలు. అందులో 180 ఎకరాలలో నష్టం 33 శాతం లేదా అంతకు మించి ఉన్నది, 15 ఎకరాలలో అంతకు తక్కువ, 5 ఎకరాలలో నష్టం లేదు. ఒక మాగాణి గ్రామంలో సాగైన భూమి 3,000 ఎకరాలు. ఇవే మూడు తరగతులలో అక్కడ 900, 600, 1,500 ఎకరాలు ఉన్నాయి.

సాధారణ ఉపవిభాజిత కమ్మీలో లంక గ్రామపు కమ్మీ మాగాణి గ్రామపు కమ్మీలో పదిహేనవ వంతు మాత్రమే ఉంటుంది. తెర మీద అది ఒక సన్నని ముక్క. ఆ ఊరు దాదాపు పూర్తిగా పాడైపోయిందన్న సంగతి చూసేవారికి తెలియదు. ప్లగిన్‌తో గీస్తే లంకకు 90, 7.5, 2.5 శాతాలు, మాగాణికి 30, 20, 50 శాతాలు వస్తాయి. ఇప్పుడు లంక దుస్థితి కొట్టవచ్చినట్లు కనబడుతుంది. చిన్న ఊరి గొంతు వినిపించేలా చేయడం ఈ చిత్రం చేసే మేలు. అయితే ఇదే చిత్రం చూసి ఎక్కువ పంట ఎక్కడ పోయిందని అడిగితే చాలామంది లంకనే చూపుతారు. నిజానికి మాగాణిలో పోయినది దానికి ఐదు రెట్లు. సహాయం ఎవరికి ముందు అందాలి అన్నదానికి మొదటి చిత్రం, ఎంత విత్తనం, ఎంత డబ్బు కావాలి అన్నదానికి రెండవ చిత్రం సరిపోవని గమనించాలి. ఏ ప్రశ్నకు జవాబుగా గీస్తున్నామో తేల్చుకోకుండా చిత్రపు రకాన్ని ఎంచుకోలేము.

రెండు ఊళ్ళకూ కలిపి శాతం ఎంత? 90, 30 ల సగటు 60 అని చెప్పడం తప్పు. మొత్తం 3,200 ఎకరాలలో 1,080 ఎకరాలు, అంటే 33.75 శాతం. కమ్మీలన్నీ సమాన పొడవున ఉండడం వలన కన్ను కూడా ఈ తప్పుడు సగటునే తీస్తుంది. కనుక మండలం మొత్తానికి వేరే కమ్మీ ఒకటి గీయడం మేలు.

పెట్టుబడి రాయితీకి పంట నష్టపు కనీస పరిమితిని కేంద్ర ప్రభుత్వం 2015లో 50 శాతం నుండి 33 శాతానికి తగ్గించింది. ఈ 33 శాతం ఆ రైతు పొలంలోని పంటకు వర్తించేదే గాని గ్రామానికి వర్తించేది కాదు. ఊరి కమ్మీలో 30 శాతం కనిపించినంత మాత్రాన ఆ ఊళ్ళో ఎవరికీ అర్హత లేదనుకోవడం పొరపాటు. పై ఉదాహరణలో 900 ఎకరాల రైతులు అర్హులే. ఒకే చిత్రంలో రెండు రకాల శాతాలు, రెండు హారాలు ఉన్నప్పుడు ఏది దేనిలో శాతమో శీర్షికలోనే రాయాలి.

శాతాలను ఎన్ని దశాంశ స్థానాలకు చూపాలో ప్లగిన్‌లోని "ప్రెసిషన్" అనే ఐచ్ఛికం నిర్ణయిస్తుంది. ఏమీ చెప్పకపోతే ఒక స్థానం. దానిని సున్నా చేస్తే 32.6 కాస్తా 33గా కనిపిస్తుంది. పరిమితి రేఖ ఉన్న విషయాలలో ఇలా సవరించి చూపడం తగదు.

సూచిక మీద నొక్కినప్పుడు

చార్ట్.జేఎస్ చిత్రంలో సూచికలోని ఒక రంగు మీద నొక్కితే ఆ శ్రేణి చిత్రం నుండి తొలగిపోతుంది. సాధారణ చిత్రంలో దీనివల్ల మిగిలిన ఖండాల విలువలు మారవు. స్టాక్డ్100 మాత్రం కనిపిస్తున్న శ్రేణులనే మొత్తంగా తీసుకొని శాతాలను మళ్ళీ లెక్కిస్తుంది. పై ఉదాహరణలో "నష్టం లేదు" అన్న శ్రేణిని తొలగిస్తే మాగాణి గ్రామంలో 30గా ఉన్న శాతం 60 అవుతుంది (1,500లో 900). లంకలో 90 శాతం 92.3 అవుతుంది. పొలాలలో ఏ మార్పూ లేదు, హారం మారింది. పాఠకుడు ఆ స్థితిలో తెర చిత్రాన్ని భద్రపరచి ఇతరులకు పంపితే, చూసినవారికి ఈ సంగతి తెలిసే దారి లేదు. నివేదికల కోసం గీసే చిత్రాలలో సూచిక నొక్కుడును పనిచేయకుండా చేయడం మంచిది.

ఇందుకు దగ్గరిదైన మరొక ఐచ్ఛికం "ఇండివిడ్యువల్". దీనిని పెడితే అన్నిటికంటే పెద్ద కమ్మీ మాత్రమే 100 అవుతుంది. మిగిలినవి దానికి అనులోమంగా చిన్నవవుతాయి. పై ఉదాహరణలో లంక కమ్మీ 6.7 దగ్గర ఆగిపోతుంది. అక్షం మీద శాతాలే ఉంటాయి గాని అవి సొంత మొత్తంలో శాతాలు కావు.

"ఇతరులు" అనే ఖండం

భాగాలన్నీ కలిపితే మొత్తం కావాలన్నది ఈ చిత్రానికి మొదటి షరతు. దీనిని తప్పితే ఏమవుతుందో ఎన్నికల ఫలితాలు చక్కగా చూపుతాయి. 2019 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలలో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 49.95 శాతం, తెలుగుదేశం పార్టీకి 39.17 శాతం, జనసేన పార్టీకి 5.53 శాతం ఓట్లు వచ్చాయి. ఈ మూడింటి మొత్తం 94.65. మిగిలిన 5.35 శాతాన్ని "ఇతరులు" అనే ఖండంగా చేర్చకుండా ప్లగిన్‌కు ఇస్తే, అది 94.65నే మొత్తంగా భావించి 52.8, 41.4, 5.8 అని చూపుతుంది. సగానికి కొద్దిగా తక్కువైన ఓటు సగం గీతను దాటి కనిపిస్తుంది. తప్పు ప్లగిన్‌ది కాదు, దానికి చెప్పనిది అది ఎరుగదు.

అవే ఎన్నికలలో ఓట్ల కమ్మీ పక్కన సీట్ల కమ్మీ కూడా గీయవచ్చు. మొత్తం 175 స్థానాలలో 151, 23, 1 వచ్చాయి కనుక శాతాలు 86.3, 13.1, 0.6. ఒకదాని హారం ఓట్లు, మరొకదాని హారం స్థానాలు. సాధారణ కమ్మీ చిత్రంలో కోట్లలో ఉండే ఓట్లను, వందలలో ఉండే స్థానాలను ఒకే స్కేలుపై చూపడం సాధ్యం కాదు. శాతపు చిత్రం బాగా ఒప్పేది ఇటువంటి చోటనే. 2024 ఎన్నికలకు ఇదే చిత్రం గీస్తే వైఎస్సార్ కాంగ్రెస్ 39.37 శాతం ఓట్లకు 11 స్థానాలు, అంటే 6.3 శాతం కనిపిస్తాయి. అంతకు ముందు దాదాపు అంతే ఓటు శాతంతో తెలుగుదేశం 23 స్థానాలు గెలిచింది. అయితే 2024లో జనసేన 21 స్థానాలలోనే పోటీ చేసి అన్నీ గెలిచింది. దానికి వచ్చిన 6.85 శాతం రాష్ట్రం మొత్తం ఓట్లలో లెక్కించినది. ఎన్ని చోట్ల పోటీ చేసిందన్న సంగతి కమ్మీలో కనిపించదు కనుక కింద ఒక వాక్యం రాయక తప్పదు.

షరతు ఇంకో విధంగా కూడా తప్పవచ్చు. లంకలలో అరటి తోటలోనే పసుపును, కందను అంతరపంటగా వేయడం కద్దు. "మీరు ఏ పంటలు వేశారు" అని రైతులను అడిగితే ఒకరే రెండు మూడు పేర్లు చెబుతారు. అరటి వేసినవారి శాతం, పసుపు వేసినవారి శాతం, కంద వేసినవారి శాతం కలిపితే నూరు దాటుతుంది. ఇటువంటి అంకెలను ఇచ్చినా ప్లగిన్ వాటిని నూరుకు కుదించి చూపుతుంది. దీనికి పక్కపక్కన నిలిచే సాధారణ కమ్మీలే తగినవి.

కాలాన్ని బట్టి మారే హారం

వేర్వేరు సంవత్సరాలను పోల్చేటప్పుడు హారం రెండు విధాలుగా మారుతుంది. ఒకటి, అది పెరగవచ్చు. భారతదేశంలో అక్షరాస్యత 1981లో 43.57 శాతం, 1991లో 52.21 శాతం. శాతపు కమ్మీలో నిరక్షరాస్యుల ఖండం స్పష్టంగా తగ్గుతుంది. కాని ఆ పదేళ్ళలో నిరక్షరాస్యుల సంఖ్య తగ్గలేదు, జనాభాతో పాటు పెరిగింది. సంఖ్యలో తగ్గుదల మొదటిసారిగా 2001 లెక్కలలో కనిపించింది. బడులు కట్టవలసినవారికి ఈ రెండవ సంగతి ముఖ్యం. ఇంతేగాక 1951 నుండి 1971 వరకు 5 ఏళ్ళు, ఆపైబడిన వారిని లెక్కలోకి తీసుకోగా, 1981 నుండి 7 ఏళ్ళు, ఆపైబడిన వారిని తీసుకొన్నారు. 1971, 1981 కమ్మీలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ భేదాన్ని చెప్పాలి.

రెండు, హద్దులు మారవచ్చు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కొల్లూరు మండలం గుంటూరు జిల్లా నుండి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పత్తి, మిరప విస్తారంగా పండే పల్నాడు వేరే జిల్లా అయింది. "గుంటూరు జిల్లా" అన్న పేరుతో 2021కి, 2023కి పంటల శాతపు కమ్మీలు గీస్తే పంటల వాటాలు ఒక్కసారిగా తారుమారైనట్లు కనిపిస్తాయి. ఏ రైతూ పంట మార్చకపోయినా చిత్రం అలాగే వస్తుంది. జిల్లా పేరు కింద కాక మండలాల వారీగా సమాచారం సేకరించి, రెండు సంవత్సరాలకూ ఒకే మండలాల సముదాయాన్ని తీసుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

ఖండాల వరుస, రంగులు

విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒకే గీత నుండి మొదలయ్యే పొడవులను మనిషి కన్ను బాగా పోల్చగలదు. వేర్వేరు చోట్ల మొదలయ్యే పొడవులను అంత కచ్చితంగా పోల్చలేదు. శాతపు కమ్మీలో మొదటి ఖండానికి 0 వద్ద, చివరి ఖండానికి 100 వద్ద స్థిరమైన గీత ఉంటుంది. నడిమి ఖండాలకు అటువంటి ఆధారం లేదు. అందుచేత ముఖ్యమైన శ్రేణిని మొదట గాని చివర గాని ఉంచాలి. ఖండాలు నాలుగైదుకు మించితే చిన్నవాటిని కలిపివేయడం మంచిది. నష్టపు తీవ్రత వంటి క్రమం ఉన్న తరగతులకు ఒకే రంగులో ముదురు నుండి లేత వరకు వాడితే, జిరాక్సు తీసినప్పుడు కూడా తేడా తెలుస్తుంది.

సమాచారం రాని గ్రామానికి సున్నాలు పెట్టకూడదు. నష్టం లేకపోవడం వేరు, లెక్క అందకపోవడం వేరు. అటువంటి గ్రామాన్ని చిత్రం నుండి తీసివేసి, పేరును కింద రాయాలి.

తెలుగు పేర్లు, అంకెలు

గ్రామాల పేర్లు పొడవుగా ఉంటాయి కనుక నిలువు కమ్మీల కింద అవి ఏటవాలుగా తిరిగి చదవడానికి వీలు లేకుండా పోతాయి. చార్ట్.జేఎస్ 3 నుండి "ఇండెక్స్ యాక్సిస్" అనే ఐచ్ఛికాన్ని వై అక్షానికి మార్చితే కమ్మీలు అడ్డంగా పరుచుకుంటాయి, పేర్లు ఎడమవైపు నేరుగా నిలుస్తాయి. ప్లగిన్ ఈ అమరికలోనూ పనిచేస్తుంది.

ఈ లైబ్రరీ చిత్రాన్ని కాన్వాస్ మీద గీస్తుంది. అక్షరాలు కూడా బొమ్మలో భాగమే. మండలి వంటి వెబ్ ఫాంటు పూర్తిగా దిగుమతి కాకముందే చిత్రం గీయబడితే పేర్లు వేరే ఫాంటులో వచ్చి అలాగే ఉండిపోతాయి. ఫాంటు వచ్చినదని నిర్ధారించుకున్న తరువాతనే గీయడం, లేదా అప్పుడు మరొకసారి గీయించడం దీనికి పరిష్కారం. ముద్రణ కోసం అను ఫాంట్లలో టైపు చేసిన పట్టికలను నేరుగా అతికిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ముందుగా వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి.

మౌసు ఉంచినప్పుడు కనిపించే అసలు విలువలను, ప్రతి కమ్మీ పేరు పక్కన రాసే మొత్తాన్ని లక్షల పద్ధతిలో కామాలతో చూపవచ్చు. బ్రౌజరులోని అంకెల అమరికకు భారతీయ తెలుగును ప్రాంతంగా తెలిపితే 1234567 అన్నది 12,34,567 అవుతుంది. కమ్మీ పేరును "లంక గ్రామం (200 ఎకరాలు)", "మాగాణి గ్రామం (3,000 ఎకరాలు)" అని ఇస్తే, ప్లగిన్ చెరిపివేసిన హారం చిత్రంలోకి తిరిగి వస్తుంది. దీనికి ప్రత్యేక ఐచ్ఛికం ఏదీ అక్కరలేదు, పేర్ల జాబితాలో ఆ అంకెను చేర్చితే చాలును.